కొండదారి పట్టిన పంతులుగారు

కొండకర్ల ఆవ చుట్టునున్న కొండలు ఎత్తయినవి కావు. రెండు తాటిబోదెలు జతచేసి కట్టిన దోనెమీద కూర్చుండి, తామరాకుల నడుమనుండి చూచేవారికి అవి చేయి చాచితే అందేటంత సమీపంలో ఉన్నట్లు తోస్తవి. శీతకాలంలో దూరదేశాల పక్షులు దిగినప్పుడు అనకాపల్లినుండీ, విశాఖపట్టణంనుండీ కళాశాల విద్యార్థులు ఆదివారాలలో గుంపులుగా వస్తారు. ఆవను చూచి, ఆపైన ఏదో ఒక కొండ ఎక్కి సాయంకాలానికి దిగిపోవాలని వారి ఉబలాటం. తప్పులేదు. అయితే వారిలో చాలమంది బయలుదేరేది ఎండ నడినెత్తికి వచ్చిన తర్వాత. నలుగురికి ఒక సీసాడు నీరు. కాళ్ళకు నున్నని అడుగుగల చెప్పులు. ఏ తోవన పోయేదీ ఇంటిలో చెప్పినవాడు పదిమందిలో ఒకడుంటే గొప్ప. నడక పుట్టుకతో వచ్చినదే గనుక కొండనడకకూడ అట్లే వస్తుందని మనకొక నమ్మకం ఉన్నది. అది వేరే విద్య. దానిని నడివయస్సు సమీపిస్తున్న దశలో ఆరంభించి, దానికోసం తన శరీరంలో ఒక ముఖ్యమైన ఇంద్రియాన్ని కోల్పోయిన పండితుడొకరు మన ఉత్తరాంధ్రలోనే ఉండినారు.

ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. ఆ పేరు వినగానే వ్యావహారిక భాషావాదం జ్ఞప్తికి రావడం సహజం. వారి జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. సభలలో పూలదండలు వేసి, గ్రాంథికవాదులతో వారు చేసిన వాదప్రతివాదాలను చెప్పుకొంటాము. వారి పాదాలను గురించి మాత్రం మాట్లాడుకొనము. ఎండలో, వానలో, దోమలు ముసిరే అడవులలో ఏండ్ల తరబడి కాలినడకను తిరిగిన పాదాలవి. ఈ వ్యాసానికి విషయం ముఖ్యంగా ఆ నడకయే.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపమున, వంశధారా తీరమందలి పర్వతాలపేట గ్రామంలో ఆయన జన్మించినారు. తల్లి వెంకమ్మగారు, తండ్రి వీర్రాజుగారు. వీర్రాజుగారు అక్కడి ఠాణాలో రెవెన్యూ ఉద్యోగి. వారికి చోడవరం బదిలీ అయినది. నాటి విశాఖపట్టణం జిల్లాలోని ఆ చోడవరం 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఇప్పుడు కొండకర్లతో పాటు చేరియున్నది. చోడవరంలోనే 1875లో వీర్రాజుగారు విషజ్వరంతో మరణించినారు. కుమారునికి అప్పటికి పన్నెండేండ్లు. విషజ్వరమనే మాటలో ఆనాడు ఎన్ని రోగాలు ఇమిడియుండేవో చెప్పలేము. వీర్రాజుగారిని కొనిపోయినది ఫలానా జ్వరమని ఈనాడు నిర్ణయించడం సాహసమే. కాని కొండల అంచునున్న ఊళ్ళలో జ్వరమంటే జనులకున్న భయం ఎటువంటిదో ఆ బాలుడు ఇంటిలోనే చూచినాడు. అట్టివాడు పెరిగి పెద్దవాడై, తిరిగి జ్వరాల సీమకే తనంత తాను నడచిపోయినాడన్న సంగతి తలచుకొన్నప్పుడెల్ల ఈ వ్యాసకర్తకు ఆశ్చర్యం కలుగుతుంది.

తండ్రి పోయిన తర్వాత విజయనగరంలో మేనమామగారి ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొన్నారు. అక్కడ సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. 1879లో మెట్రిక్యులేషను, ఆ సంవత్సరమే వివాహం. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతంమీద చరిత్ర బోధించే ఉపాధ్యాయుడుగా ప్రవేశించినారు. తక్కిన పరీక్షలన్నీ ఉద్యోగం చేసుకొంటూ స్వయంగా చదివి ఉత్తీర్ణులైనవే. చరిత్ర చెప్పేవాడు పుస్తకంలోని చరిత్రతో తృప్తిపడకూడదని ఆయన తలచినారు కాబోలు, ముఖలింగ దేవాలయాలలోని శాసనాల లిపిని తామే నేర్చి చదివి, ఏ శాసనం ఏ శతాబ్దానిదో చెప్పగలవారైనారు. గంగవంశపు రాజులను గురించి ఇంగ్లీషు పత్రికలలో వ్యాసాలు ప్రకటించినారు. వస్తువున్న చోటికి తామే పోవాలన్న అలవాటు ఇక్కడే ఏర్పడినది.

పర్లాకిమిడి మైదానం అంచున ఉన్న పట్టణం. ప్రక్కనే మహేంద్రతనయ పారుతుంది. ఉత్తరంగా తలెత్తితే కొండల వెనుక కొండలు. ఆ కొండలలో సవరలు నివసిస్తారు. పర్వతసానువులను మెట్లుమెట్లుగా చెక్కి, రాతికట్టలు పేర్చి, పైమడి నీరు క్రిందిమడిలో పడేటట్లు వరి పండించడంలో వారి నేర్పు చూచి తీరవలసినది. సంతకు దిగి వచ్చినప్పుడు మాత్రం ఆ నేర్పుగలవారు మూగవారివలె నిలువవలసి వచ్చేది. కొనేవారి భాష వారికి రాదు, వారి భాష కచేరీలో ఎవరికీ రాదు. నడుమ మాట చేరవేసే మధ్యవర్తి చెప్పినదే ధర, చెప్పినదే న్యాయం. వారి భాష నేర్చి, వారి పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పాలన్న సంకల్పం పంతులుగారికి కలిగినది. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక సవర మనిషిని ఇంటిలో పెట్టుకొని నేర్వడం ప్రారంభించినారు. ఆ కాలపు బ్రాహ్మణ గృహంలో ఇది సామాన్యమైన సంగతి కాదు.

సవర తెలుగుకు చుట్టం కాదు. అది ముండా కుటుంబానికి చెందిన భాష. నామవాచకం క్రియాపదంలోనే కలిసిపోయి ఒక్క మాటగా పలుకబడే సందర్భాలు అందులో ఎన్నో. మాట చివర శ్వాస ఠక్కున ఆగిపోయే ధ్వనులున్నవి. చెవి సూక్ష్మంగా లేకపోతే అవి ఉన్నట్లే తెలియదు. లిపి లేదు, నమ్మదగిన వ్యాకరణం లేదు. ఇంటిలో ఒక్కని నోట విన్న భాష ఒక్కని భాషయే అవుతుంది. ఊరికొక యాస ఉంటుంది గదా! స్త్రీలు, పిల్లలు, వృద్ధులు, పాటలు పాడేవారు, దేవతను పిలిచే పూజారులు, అందరి పలుకూ వినాలి. అందుకు కొండ ఎక్కక తప్పదు.

ఇప్పుడు ఆ ఎక్కడాన్ని గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. పాఠశాలలో పని విడువని ఉపాధ్యాయునికి కొండలకు పోవడానికి చిక్కేది సెలవుదినాలే అయి ఉండాలి. మన సెలవులు ఎక్కువగా వేసవిలో వస్తవి. వేసవిలో కొండదారి ప్రొద్దున చల్లగానే ఉండి మనిషిని మోసగిస్తుంది. రెండు జాముల వేళకు బండలు కాగి, క్రిందినుండి సెగ కొడుతుంది. మైదానంలో గంటకు మూడు మైళ్ళు సునాయాసంగా నడిచేవాడు ఎక్కుడు దారిలో ఒక మైలు, ఒకటిన్నర మైలు నడిచితే ఎక్కువ. దూరాన్ని మైళ్ళలోకాక గంటలలో లెక్కించడం కొండవానికి స్వభావం, మనము నేర్చుకోవలసిన మొదటి పాఠం. గంటకు అర లీటరు నీరు మనిషికి అవసరమని నేటి వైద్యులు చెప్పే లెక్క. ఎండలో అంతకు మించికూడ కావాలి. ఉత్త నీరే త్రాగుతూ పోతే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు గనుక, ఉప్పు వేసిన మజ్జిగనో గంజినో మన పెద్దలు ఊరకే నమ్ముకొనలేదు.

వర్షకాలానిది మరొక ప్రమాదం. మహేంద్రతనయవంటి కొండయేరు ఉదయం పాదం తడవకుండ దాటనిస్తుంది. పైన ఎక్కడో, మనకు కనబడని కొండమీద, మధ్యాహ్నం వాన కురుస్తుంది. సాయంకాలం తిరిగి వచ్చేసరికి అదే రేవులో నడుములోతు ఎర్రనీరు సుడులు తిరుగుతూ ఉంటుంది. మోకాలు దాటిన వడినీటిలో దిగరాదని, నీరు తీసేవరకు గట్టుననే కూర్చుండాలని ఆ సీమలో చిన్నపిల్లలకుకూడ తెలుసు. కూర్చుండడానికి వ్యవధి ఉండాలంటే ప్రొద్దుటే బయలుదేరి ఉండాలి, తిరుగు వేళ ముందే నిర్ణయించుకొని ఉండాలి. శిఖరం ఇంక నాలుగు బారలే ఉన్నదనిపించినా ఆ వేళకు వెనుదిరగడం కొండనడకలో కష్టమైన భాగం. నా విద్యార్థులలో చురుకైనవారికే ఇది ఎక్కువ కష్టమని గమనించినాను.

వీటన్నిటికన్న ముఖ్యమైనది తోడు. కొండలో కాలిబాట చీలేచోట ఏది ఊరికి పోతుందో, ఏది పశువులు త్రొక్కిన బాటయో కొత్తవాడు పోల్చుకొనలేడు. పంతులుగారికి ఒక మేలు జరిగినది. దారి చూపగలవారి భాషనే ఆయన నేర్చుకొంటున్నారు. దారిలో ఎదురైన మనిషిని ఆతని మాటలోనే, ఈ ఏటిలో నీరెంత, ఈ బాట ఎటు పోతుంది, ఊరిలో జ్వరాలున్నవా అని అడుగగలవానికి ఉన్న రక్షణ చేతిలో ఎంతటి పటమున్నవానికైనా లేదు. ఈనాడు చేతిఫోనులోని పటాన్ని నమ్మి ఏజెన్సీ కొండలకు పోయే యువకులు, సంకేతం అందని లోయలో దిగినప్పుడుగాని ఈ సత్యం గ్రహించరు.

భాష రక్షింపలేనిది ఒకటున్నది. ఆ మన్యపు జ్వరం ఎట్లు వ్యాపిస్తుందో పంతులుగారు సవర నేర్వడం మొదలుపెట్టిన కాలానికి లోకంలో ఎవరికీ తెలియదు. చెడుగాలి అన్నారు, కొండనీరు అన్నారు, అడవి ఆకు కుళ్ళు అన్నారు. మలేరియా అనే పేరుకు అర్థమే చెడుగాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ కడుపును కోసి, సూక్ష్మదర్శినిలో ఆ జ్వరకారణమైన క్రిమిని చూచినాడు. తెలుగుదేశంలోనే జరిగిన ఆ ఆవిష్కరణ తెలుగు కొండల అంచుల ఊళ్ళకు ఆచరణలో చేరడానికి దశాబ్దాలు పట్టినది. ఆ జ్వరం మోసే దోమ ప్రొద్దుక్రుంకిన తర్వాత, తెల్లవారేలోగా కుడుతుంది. పగటిపూట కొండకు పోయి చీకటిపడకముందే దిగి వచ్చేవానికి ఆ ప్రమాదం తక్కువ. పంతులుగారి పని పగటితో తీరేది కాదు. పొలంనుండి జనం ఇండ్లకు చేరి, మంట చుట్టూ కూర్చుండి కథలు చెప్పుకొనే వేళయే భాష నేర్చేవానికి పంటకాలం. దోమకూ అదే పంటకాలం. ఆయన చెవి ఎప్పుడు మేల్కొనియుండవలెనో అప్పుడే ఆయన శరీరానికి హాని పొంచియుండినది.

జ్వరం వచ్చినది. ఒక్కసారి కాదు, చాలకాలం పీడించినది. దానికి ఆనాడున్న ఏకైక ఔషధం క్వినైను. సింకోనా అనే చెట్టు బెరడునుండి 1820లో పారిసు నగరపు రసాయనవేత్తలు వేరుచేసిన చేదుమందు అది. కోట్లమందిని బ్రతికించినది, సందేహం లేదు. కాని హెచ్చు మోతాదులలో, దీర్ఘకాలం వాడినవారి చెవులలో అది హోరు పుట్టిస్తుంది. మొదట సన్నని, హెచ్చుస్థాయి ధ్వనులు వినబడడం తగ్గుతుంది. చాలమందికి మందు మానగానే తిరిగి వస్తుంది. కొందరికి రాదు. పంతులుగారికి రాలేదు. చెవుడు జీవితాంతం నిలిచిపోయినది.

ఒక్కసారి ఆలోచించండి. చిత్రకారుని కన్నులు పోయినవంటే అయ్యో అంటాము. పరభాషలో శ్వాస ఆగిన చోటు ఏదో, స్వరం సాగిన చోటు ఏదో పట్టుకొనడమే పనిగా పెట్టుకొన్నవానికి చెవి మందగించడం అంతకు తక్కువ విపత్తు కాదు. వినడానికి కొండలకు పోయి, పోయినందువల్లనే వినికిడి పోగొట్టుకొన్నాడు. అయినా ఆయన ఆ పని వదలలేదు. కుమారులు గిడుగు వెంకట సీతాపతిగారు (1885–1969) తామూ సవర నేర్చి తండ్రికి చేదోడుగా నిలిచినారు. ఇంత జరిగినా చేసినదంతా వృథా ప్రయాస అని పంతులుగారు విచారించినట్లు ఆయన తదుపరి కృషిలో ఎక్కడా జాడ లేదు.

కొండల నడకనుండి మొదట పుట్టినవి శాస్త్రగ్రంథాలు కావు, పిల్లల పుస్తకాలు. సవరలో వాచకాలు, కథలు, పాటలు సమకూర్చినారు. తమ సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు తామే చెల్లించినారు. మద్రాసు ప్రభుత్వం 1911లో ఆ పుస్తకాలు అచ్చువేయించినది. పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టించండని కోరినారట. ముప్పది రూపాయల జీతంతో జీవితం ప్రారంభించిన మనిషి కోరిక అది! ఆ సంవత్సర ప్రాంతముననే ఉద్యోగం విరమించినారు. 1913లో రావుబహదూర్ బిరుదు వచ్చినది. దక్షిణభారతపు కులాలను, తెగలను గురించి థర్‌స్టన్ దొర 1909లో ప్రకటించిన సంపుటాలలో సవరలను గూర్చిన భాగానికి పంతులుగారిచ్చిన సమాచారం ఆధారమైనది.

వ్యావహారికోద్యమ చరిత్రను పాఠకులు ఎరుగుదురు గనుక ఇక్కడ విస్తరించను. పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్సు దొర, తెలుగు బోధన ఎందుకిట్లున్నదని వేసిన ప్రశ్నతో అది రగిలినది. 1919లో తెలుగు అనే పత్రికను పంతులుగారు నడిపినారు. 1925లో తణుకు సభలో నాలుగు గంటలు ప్రసంగించినారు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. నోటి మాటకు వ్రాతలో గౌరవం కావాలని ఆయన పట్టిన పట్టుకు మూలాలు విజయనగరపు విద్వద్గోష్ఠులలోనే వెదకుట సరికాదని నా అభిప్రాయం. లిపియే లేని భాషలో నియమబద్ధమైన వ్యాకరణం ఉన్నదని సవర గుడిసెల ముంగిట కూర్చుండి చెవులారా విన్నవాడు, వ్రాతలో ఉన్నదే భాష అని ఎట్లు ఒప్పుకొంటాడు? ఈ వ్యాసపు శైలిని చూచి ఆయన శిష్యులెవరైనా నవ్వితే నాకు అభ్యంతరం లేదు. నేను చదువుకొన్న గురువులు ఇట్లే వ్రాసేవారు.

ముప్పదియైదేండ్ల పరిశ్రమ ఫలించి సవర భాషావ్యాకరణం ఇంగ్లీషులో 1931లో మద్రాసు ప్రభుత్వం ద్వారా వెలువడినది. గ్రంథకర్తకు అప్పటికి అరువదియెనిమిదేండ్లు. 1934లో కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకం లభించినది. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1936లో పూర్తియై 1938లో అచ్చయినది.

జ్వరం మాటకు మరల రావలసియున్నది, ఎందుకనగా ఉత్తరాంధ్ర మన్యంలో మలేరియా ఇప్పటికీ ఉన్నది. పాడేరు, అరకు వైపు కొండలకు పోయి ఒక రాత్రి గడిపి రాదలచినవారు నిండుచేతుల చొక్కా, పాదాలవరకు దిగే ఉడుపు, దోమతెర వెంట తీసుకొనిపోవాలి. దిగివచ్చిన వారం తర్వాత, నెల లోపల, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలకుకూడ, చలితో జ్వరం వస్తే కొండకు పోయివచ్చిన సంగతి వైద్యునికి తప్పక చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. చెప్పకపోతే ఆయన దానిని మామూలు జ్వరమనుకొనే ప్రమాదమున్నది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఆ పరీక్ష కొద్ది నిమిషాల పని. మందులుకూడ మారినవి. క్వినైనును ఇప్పుడు ప్రత్యేక పరిస్థితులలోనే వాడుతున్నారు. ముప్పదియైదేండ్లు జ్వరసీమలో తిరిగిన పండితునికి ఈ సౌకర్యాలలో ఒక్కటీ లేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినది. తెలుగువారు అధికంగా ఉన్న పర్లాకిమిడిని అందులో చేర్చడాన్ని పంతులుగారు ప్రతిఘటించి, ఫలించకపోగా, తాము ఏబదియారు సంవత్సరాలు నివసించిన పట్టణాన్ని విడిచి రాజమహేంద్రవరం చేరినారు. మహేంద్రగిరి వైపు కొండలు ఆయన కన్నులకు దూరమైనవి. అదే సంవత్సరంలో ఆ కొండలలో, సవరలలోనే పుట్టిన మంగై గొమాంగో అనే ఆయన తమ భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని కల్పించినాడు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పంతులుగారిని కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించినది. 1940 జనవరి నెల నడుమ పత్రికాసంపాదకులను కలిసికొని, వాడుకభాషను పత్రికలలో నిలుపవలసిన ఆవశ్యకతను గూర్చి చెప్పినారు. తర్వాత వారం రోజులకు, జనవరి 22న, డెబ్బదియారేండ్ల వయస్సున కన్నుమూసినారు.